తులసమ్మ బోర్డు

రా ఛాయా, రా. ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూకోకు, దాని కాలు ఎప్పుడు ఇరిగిపోద్దో దానికే తెల్దు. మంచం మీద కూకో. ఏటి, ఈ ఎండలో దుర్గ్ నుంచి స్కూటీ మీదే ఒచ్చీసినావా? మీ తాతా ఇంతే, సైకిలెక్కితే మరి దిగడు. గౌరీ! ఓ గౌరీ! ఛాయ ఒచ్చింది, టీ ఎట్టు! ఇనబడలేదు. పర్లేదు, అల్లం దంచిన సప్పుడైంది, ఎట్టీసినట్టే. ఊఁ, సెప్పమ్మా. ఆ ఫోను నా ముక్కు మీద ఎట్టకు, కాస్త దూరంగా పట్టు, దగ్గరిది నాకు ఆనదు. ఆఁ, పోస్టరా? మీ ఆఫీసోళ్ళదా? ఆడోళ్ళని కొట్టడం మానండని ఊరంతా అంటిస్తారా? మంచి పనే. తెలుగు అక్షరాలు నన్ను రాయమంటావు. రాస్తాను, ఎందుకు రాయను. ముప్పై నాలుగేళ్ళు ఇక్కడి ఉక్కు ప్లాంటులో సేఫ్టీ బోర్డులు రాసిన సెయ్యి ఇది. హిందీలో, ఇంగ్లీషులో, ఎక్కడో ఓ మూల తెలుగులో, "టోపీ ఎట్టుకో, బెల్టు కట్టుకో, కింద సూసి నడువు" అని నాను రాసినన్నిసార్లు మా అమ్మ కూడా నాకు సెప్పలేదు. గానీ నాకొకటి సెప్పు. ఈ బొమ్మలో ఈవిడ ఎందుకేడుస్తంది? అదే, దెబ్బలు తిన్నాది, సరే. కొట్టినోడేడి? మొత్తం బొమ్మంతా ఎతికినాను, ఆడు లేడు. ఫొటో తీసింది ఆడేనేటి? నవ్వకు. తులసమ్మ గానీ ఈ బొమ్మ సూసుంటే నీ ఫోను లాక్కోని పిండి డబ్బాలో పడీసీది.

తులసమ్మ తెల్దా నీకు? ఎలగ తెలుస్తాది, నువ్వు పుట్టక ముందే ఎల్లిపోనాది. మా లైన్లో, ఈ ప్లాంటు క్వార్టర్ల వరసలో, ఆఖరిది ఆవిడది. అదిగో, ఇప్పుడు ఆ నీలం ట్యాంకీ ఉన్నాది సూడు, అది. బొబ్బిలి దగ్గర ఏదో పల్లె. మొగుడు జగన్నాథం, నాకు ప్లాంటులో దోస్తు. ఇద్దరం ఒకే రైలెక్కి ఒచ్చినాం ఇక్కడికి. ఆ రైలు కథ వేరే ఉంది, ఒక కోడిపుంజు, ఒక టీసీ... వొద్దులే, అది మొదలెడితే నీ పోస్టరు సంక్రాంతికి అయినా అవ్వదు. తులసమ్మ జంతికలు సేసి అమ్మీది. పెద్ద సత్తు పళ్ళెం నెత్తి మీదెట్టుకోని సెక్టర్ సెవెన్ అంతా తిరిగీది. ఒక్కరోజు కూడా ముందు గుమ్మంలోంచి ఎవరింటికీ ఎల్లలేదు. పెరటి గుమ్మం, తిన్నగా వంటింట్లోకి. ఎవరింటి ముందుగదిలో సోఫా ఉందో, కుర్చీ ఉందో ఆవిడకి తెల్దు గానీ, ఏ ఇంట్లో ఆడమనిషి ఇయ్యాల ఎడం సేత్తో పిండి కలపతందో తెలిసీది. హిందీ అంటావా, తెలుగు మాటకి ఆఖర్న హై తగిలించీది. "దీదీ, జంతిక కరకర హై, తిను హై!" అందరికీ అర్థమైపోయీది. ఒరియా వాళ్ళు, బీహారోళ్ళు, మన పక్కింటి సాహూ పెళ్ళాం అయితే తులసమ్మతో ఛత్తీస్‌గఢీలో గంటలు గంటలు మాటాడీది. ఈవిడ తెలుగులో జవాబు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఆ రోజులు నీకు తెల్దమ్మా. క్వార్టరుకీ క్వార్టరుకీ మధ్య ఒకే గోడ. అటు తుమ్మితే ఇటు "సిరంజీవ" అనొచ్చు. మరి ఆడమనిషి అరిస్తే ఇనబడదేటి? ఇనబడీది. ఇనబడితే మగోళ్ళం ఏటి సేసీవాళ్ళమో తెలుసా? రేడియో సౌండు పెంచీవాళ్ళం. నాను మంచోణ్ణని సెప్పడం లేదు, నానూ పెంచినోణ్ణే. మా అవతల క్వార్టర్లో బేబీ అని ఉండీది. రైల్వే వాళ్ళమ్మాయి, దుర్గ్‌లోనే పుట్టి పెరిగింది, నీలాగే హిందీ గడగడ, తెలుగు తడబడ. సన్నగా, నవ్వితే బుగ్గ సొట్టపడీది. ఆళ్ళాయన పేరు సెప్పను. ఎందుకు సెప్పనో కథ అయ్యేసరికి నీకే తెలుస్తాది. వారంలో రెండు రోజులు మా రేడియో గట్టిగా మోగీదంటే, అర్థం సేసుకో.

తులసమ్మ ముందు నీలాగే మొదలెట్టింది. అంటే, పోస్టర్లు గాదు, మీటింగు. తెలుగు సంఘం హాల్లో ఒక మీటింగు ఎట్టించింది. దుర్గ్ నుంచి ఒక వకీలమ్మని పిలిపించింది. ఆవిడ ఎంత బాగా మాటాడిందో! సట్టం అలగుంది, సెక్షన్ ఇలగుంది, ఆడది దేవత, ఆడది ఇంటికి దీపం. అందరం సప్పట్లు. మొదటి వరసలో కూకోని అందరికంటే గట్టిగా సప్పట్లు కొట్టినాడెవడనుకున్నావు? బేబీ మొగుడు! పైగా ఆఖర్న లేచి ఆ వకీలమ్మకి పూలదండ ఏసినాడు. మీటింగు నుంచి వస్తా వస్తా ఈ వీధి మొదట్లో తులసమ్మ అంది, "తమ్ముడూ, దేవత అంటే ఆడికి భయం లేదురా. పూలదండ ఏసీసి ఇంటికెల్లి మల్లీ కొడతాడు. వాడికి ఏటంటే భయమో అది కనిపెట్టాల." అని ఎల్లిపోనాది. నాను నవ్వీసినాను. జంతికలమ్మ కనిపెడతాదంట అని.

కనిపెట్టింది. ఎక్కడ కనిపెట్టిందో తెలుసా? విశ్వకర్మ పూజ రోజు. ఆ ఒక్కరోజే గదా ఇంట్లో వాళ్ళని ప్లాంటులోకి రానిచ్చీవారు. కొత్త సీరలు, పిల్లలకి రిబ్బన్లు, బస్సులు నిండిపోయీవి. అందరూ ఎర్రగా కాలిన ఇనుము ఎలగ బైటికొస్తాదో సూడ్డానికి తోసుకుంటన్నారు. తులసమ్మ మాత్రం గేటు దగ్గర నా బోర్డు ముందు నిలబడిపోనాది. నా బోర్డు! ఆకుపచ్చ బోర్డు, తెల్లక్షరాలు, "ప్రమాదం లేకుండా గడిచిన రోజులు", కింద సుద్దతో అంకె. రెండు వందల పన్నెండు ఆరోజు, నాకు బాగా గుర్తు, రెండు అంకెకి తోక కొంచెం వంకర పోనాది. "ఇదేటి తమ్ముడూ?" అంది. సెప్పినాను. అక్కా, రోజుకొకటి పెంచుతాను, ఎవడికన్నా దెబ్బ తగిలితే సున్నా రాసీసి మల్లీ మొదలు. "దెబ్బ తగిలినోడి పేరు రాయవా?" రాయను. "ఎవడి వల్ల తగిలిందో ఆడి పేరు?" అదీ రాయను. "మరి సిగ్గెవడికి?" అంది. నాను ఆలోసించినాను. ఎప్పుడూ ఆలోసించలేదు నిజానికి. మొత్తం షాపుకక్కా, అక్కడ పనిసేసీ అందరికీ, అన్నాను. సున్నా పడితే ఫోర్‌మన్ కాడ్నించి ఊడ్చేవాడి దాకా అందరి మొగమూ మాడిపోద్ది. అందుకని ఒకడు బెల్టు లేకుండా ఎక్కితే పదిమంది అరుస్తారు. తులసమ్మ ఆ బోర్డుకి దణ్ణం ఎట్టింది. అందరూ విశ్వకర్మకి ఎడితే ఈవిడ బోర్డుకి.

అక్కడే ఇంకో మాట సెప్పింది, అది మర్చిపోకు. జగన్నాథం ప్లాంటులో సేరకముందు బైట ఒక సిన్న వర్క్‌షాపులో సేసీవాడు. అది మూతబడి ఎన్నేళ్ళయిందో, పేరెందుకు. అక్కడా ఇలాంటి బోర్డే. తొంభై అయిదో రోజున జగన్నాథం కుడిసేతి రెండేళ్ళు నలిగిపోనాయి. వందకి లడ్లు పంచుతామన్నారంట ఓనర్లు. అందుకని ఆ మేనేజరు, "జగన్, బేటా, తూ ఘర్ జా, కిసీకో మత్ బోల్" అని, ఎవరితోనూ అనకని సెప్పి, గుడ్డ సుట్టి ఇంటికి పంపించీసినాడు. అంకె మాత్రం తొంభై ఆరు, తొంభై ఏడు, అలా ఎక్కింది. వందో రోజు జగన్నాథాన్ని కూడా పిలిసి ఒక లడ్డు ఇచ్చినారు. "కట్టు కట్టిన సెయ్యి ఎనక దాసుకోని ఎడం సేత్తో తిన్నాడు తమ్ముడూ. నాకూ సగం తెచ్చినాడు. నాను తినలేదు," అంది. అప్పుడు నన్ను తేరిపారా సూసి, "మన లైన్లో నాకొక బోర్డు రాసియ్యి. అంకె పెంచడం ఎవడన్నా పెంచుతాడు. నీకు సున్నా రాసే దమ్ముందా?" అంది. నాను మీసం దువ్వుకున్నాను. అప్పుడు మీసం ఉండీది నాకు. "ఎందుకు లేదక్కా?" అన్నాను. ఎంత సులువుగా అనీసినానో సూడు.

బోర్డు రాసినాను. రేకు జగన్నాథం తెచ్చినాడు, ఆకుపచ్చ రంగు ఎక్కడిదని అడక్కు. పైన తెలుగు, కింద హిందీ. "ఈ లైనులో ఆడమనిషి మీద చెయ్యి లేవని రోజులు." కుళాయి పక్కన కరెంటు స్తంభానికి కట్టినాం, ఎందుకంటే పొద్దున్న నీళ్ళకి, పాలకి, డ్యూటీకి, ఎవడైనా అక్కణ్ణించే ఎల్లాల. పద్ధతి ఏటంటే, తులసమ్మ పళ్ళెంతో వంటిళ్ళన్నీ తిరిగి ఒచ్చీది. దెబ్బ తిన్న మనిషి సెప్పినా సరే, ఇన్న మనిషి సెప్పినా సరే, లెక్కే. నాను ఫస్ట్ షిఫ్టుకి ఎల్తూ కుళాయి దగ్గర ఆగితే, ఆవిడ దూరం నుంచి సెయ్యి ఊపితే ఒకటి పెంచాల. ఏళ్ళు గుండ్రంగా సుట్టి సూపిస్తే సున్నా. మొదటి నెల నీకేం సెప్పమంటావు! సున్నా, సున్నా, ఒకటి, సున్నా, ఒకటి, రెండు, సున్నా. నా సుద్ద అరిగిపోనాది సున్నాలకే. మగోళ్ళందరికీ ఒళ్ళు మండింది. "ఎవడ్రా వాడు? మా అందరికీ సెడ్డపేరు!" అని అరిసినోడే రాత్రి కొట్టినోడు ఒక్కోసారి. సాహూ భయ్యా పాపం మెత్తటి మనిషి, ఈగని కూడా తోలడు, ఆయనొచ్చి, "చిన్నారావ్ భాయ్, మేరా నహీ హై, నీచే లిఖ్ దో నా" అని బతిమాలినాడు. నాది గాదు, కింద రాసీ అని. తులసమ్మ ఒప్పుకోలేదు. "పేరు రాస్తే ఒక్కడే సెడ్డోడు, మిగతా అందరూ నిద్దరోతారు. పేరొద్దు." అంది. అవతల లైనోళ్ళు పాలకొచ్చి మా అంకె సూసి పళ్ళికిలించీవారు. అదీ మా వాళ్ళకి తగలాల్సిన సోట తగిలింది.

అప్పుడొచ్చింది గిన్నెల పద్ధతి. ఇది తులసమ్మ పెట్టలేదు, సాహూ పెళ్ళాం పెట్టింది. బేబీ ఇంట్లో సాయంత్రం అరుపు ఇనబడితే, మనం ఎల్లి "కొట్టకురా" అనాలంటే నోరు రాదు గదా, మొగుడూ పెళ్ళాల గొడవ అంటాడు. అందుకని ఆవిడ గిన్నె పట్టుకోని తలుపు కొట్టింది. "షక్కర్ హే కా?" పంచదార ఉందేటని. ఆడు తలుపు తీసి ఇవ్వాల గదా, మర్యాదస్తుడు. ఇచ్చి తలుపేసినాడు. అయిదు నిమిషాలకి తులసమ్మ గిన్నె. "బాబూ, పంచదార హై?" ఆవిడ ఎల్లింది. మీ తాత కూడా అప్పుడు మా లైన్లోనే గదా, ఆయన గిన్నె. జగన్నాథం గిన్నె. నాను ఎల్లేసరికి పంచదార డబ్బా ఖాళీ, ఆడు సెమటలు కక్కుతా, "ఇయ్యాల ఊరందరికీ పెళ్ళేటి?" అన్నాడు. నాను, "ఉప్పయినా పర్లేదన్నా" అన్నాను. లోపల బేబీ, మూల నిలబడి, నోటికి కొంగు అడ్డం ఎట్టుకోని నవ్వుతంది! ఏడుపు మొగంతోనే నవ్వుతంది. ఆడు ఆమెని సూసినాడు, మమ్మల్ని సూసినాడు, మంచం మీద కూలబడిపోనాడు. ఆ వారం మూడుసార్లు పంచదార కొన్నాడంట. తర్వాత మరి అరుపు లేదు. ఆడు మారిపోనాడని నాను అనను, సిగ్గేసింది, అంతే. తులసమ్మకి అది సాలు. "ముందు సెయ్యి ఆగనీ తమ్ముడూ, మనసు తర్వాత సూసుకుందాం" అనీది.

ఇరవై దాటింది. నలభై దాటింది. మగోళ్ళకి అదో పిచ్చి పట్టింది. డ్యూటీలో కూడా, "మీ లైనెంత?" "యాభై మూడు" అని గొప్పలు. ఎవడికన్నా ఇంట్లో కోపమొచ్చి గొంతు లేచిందంటే గోడవతల నుంచి "నంబరూ! నంబరూ!" అని కేక. ఒకడు సెయ్యెత్తినాడంట, పెళ్ళాం తాపీగా, "అరవై ఏడు నడుస్తంది, మీ ఇష్టం" అందంట. ఎత్తిన సేత్తో బుర్ర గోక్కున్నాడంట. వందకి లడ్లు అని తులసమ్మ సాటింపేసింది. సంఘం మైకు తెస్తానంది. ఎనభై ఏడో సంవత్సరం, వేసవి కాలం. తొంభై ఏడు రాసి డ్యూటీకెల్లినాను.

ఆఁ... తొంభై ఏడు.

మధ్యాన్నం ఇంటికొచ్చినాను. నాకొక బ్రష్షు ఉండీది. ఉడతతోక బ్రష్షు, కలకత్తా నుంచి తెప్పించుకున్నాను, సన్న గీతకి అదే. మా ఇంటిది గౌరి దాన్ని కుట్టుమిషనుకి నూనె రాయడానికి వాడీసింది. ఎంట్రుకలన్నీ జిడ్డు కారి బంకలాగ అతుక్కుపోనాయి. నాను "ఎవరు తీసినారిది?" అన్నాను. "నానే, ఏటయింది, కడిగీస్తాను" అని నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు తెలీలేదు. కొట్టీసినాను. సెంప మీద. ఒక్కటే. ఒక్కటే అని ఎందుకంటన్నాను నాను? ముప్పై ఎనిమిదేళ్ళయినా ఆ మాట నోట్లోంచి పోలేదు సూడు. రేడియో మోగతంది, పక్కోళ్ళు డ్యూటీలో ఉన్నారు. ఎవరూ ఇనలేదు. గౌరి ఏడవలేదు. నా కంచంలో అన్నం ఎట్టింది, పప్పేసింది, మిషను దగ్గరికెల్లి కూకున్నాది. నాను తిన్నాను. అన్నం తిన్నానమ్మా, అదీ సెప్పాల.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గరికెల్లినాను. తులసమ్మ దూరం నుంచి సంబరంగా సెయ్యి ఊపింది. అంటే గౌరి ఆవిడకి సెప్పలేదన్నమాట. గౌరి అక్కడే బిందె ఎట్టుకోని నిలబడి నా సేతి వైపు సూస్తంది. నాను తొంభై ఎనిమిది రాసినాను. ఆ ఎనిమిది ఎలగ ఒచ్చిందో తెలుసా, ముప్పై నాలుగేళ్ళలో అంత వంకర ఎనిమిది నాను రాయలేదు. ఆ మర్నాడు తొంభై తొమ్మిది. గౌరి మల్లీ సూసింది. బిందె నిండి పొర్లిపోతంది, కుళాయి కట్టడం లేదు. ఇంట్లో మాటాడతంది, కూర ఏటి సెయ్యమంటారు, పాలోడు రాలేదు, అన్నీ మాటాడతంది. అదే నాకు భయం. రాత్రుళ్ళు జగన్నాథం కట్టు కట్టిన సెయ్యి కళ్ళలో మెదిలీది. ఆ మేనేజరుని మనసులో ఎన్ని తిట్లు తిట్టినాను నాను! ఇప్పుడు సుద్ద నా సేతిలోనే ఉంది. సున్నా రాస్తే తులసమ్మ ఆర్నెల్ల కష్టం పోద్ది, లైనంతా నా మొగం మీద ఉమ్మేస్తాది. రాయకపోతే? రాయకపోతే ఏటీ అవ్వదు. ఎవరికీ తెల్దు. అదే సంకటం.

వందో రోజు. ఓలమ్మ, ఏటి సందడి! తులసమ్మ కొత్త సీర కట్టింది, సత్తు పళ్ళెం నిండా లడ్లు, మైకు స్తంభానికి కట్టినారు. బేబీ తల్లో కనకాంబరాలు. అవతల లైనోళ్ళు కూడా ఒచ్చి నిలబడ్డారు, లడ్డు కోసమో, సూడ్డానికో. తులసమ్మ మైకులో, "అందరూ సునో హై! మొదటి లడ్డు మన బోర్డు రాసే చిన్నారావు ఇంటావిడకి!" అంది. గౌరి సేతిలో లడ్డు ఎట్టింది. అందరూ సప్పట్లు. గౌరి తినలేదు. ఎడం సేతిలో పట్టుకోని నిలబడింది. అది సూసింది తులసమ్మ. నాను కూడా సూసినాను. తులసమ్మ మొగంలో నవ్వు అలాగే ఉన్నాది గానీ కళ్ళు నా మీదికి తిరిగినాయి. "ఎక్కు తమ్ముడూ, రాయి" అంది.

స్టూలెక్కినాను. తొంభై తొమ్మిది తుడిసినాను. ఎనక అందరూ "సౌ! సౌ! వందా!" అని అరుస్తన్నారు. సుద్ద పట్టుకున్నాను. సున్నా రాసినాను. అందరూ ఇంకా అరుస్తానే ఉన్నారు, ముందు సున్నాలు రాసి తర్వాత ఒకటి ఏస్తాడనుకున్నారు! పెయింటరు గదా, ఏదో ఇస్టయిలు అనుకున్నారు. నాను స్టూలు దిగిపోనాను. అప్పుడాగింది సప్పుడు. "అరే, ఏక్ కహాఁ హై?" అని సాహూ భయ్యా. ఒకటేదని అడగతన్నాడు పాపం. బేబీ మొగుడు ముందుకొచ్చి, "నాను గాదు! ఒట్టు, ఈసారి నాను గాదు!" అని ఏడుపు గొంతుతో అరిసినాడు. అంత గంభీరంలోనూ జనం నవ్వీసినారు. నాను, "నువ్వు గాదన్నా, నానే. మూడు రోజుల కిందట. దాసినాను," అన్నాను. మైకు ఆన్‌లోనే ఉంది, మా లైనుకీ ఇనబడింది, అవతల లైనుకీ ఇనబడింది. పేరు రాయకూడదని రూలు గదా, నా పేరు నానే సెప్పుకున్నాను. ఎవరన్నా కొడితే బాగుణ్ణనిపించింది.

తులసమ్మ మైకు తీసుకుంది. అందరూ తిడతాదనుకున్నారు. ఆవిడ గొంతు సవరించుకోని, "లడ్లు వందకి సేసినాను. వంద అవ్వలేదు. గానీ మన బోర్డు అబద్ధం ఆడలేదు. తినండి హై," అంది. అప్పుడు గౌరి, ఎడం సేతిలో లడ్డు కుడి సేతిలోకి మార్చుకోని, కొరికింది. అందరూ పళ్ళెం మీద పడ్డారు. నాకు ఎవరూ ఇవ్వలేదు, నాను అడగలేదు. ఆఖర్న జగన్నాథం వచ్చి తన సగం ఇరిసి నా సేతిలో ఎట్టినాడు, ఆ రెండు వంకర ఏళ్ళతో. నాను అక్కడే ఏడ్చీసినాను. మగోడు ఏడ్చినాడని పిల్లలు నవ్వినారు. నవ్వనీ.

గౌరితో ఇంటికొచ్చి అడిగినాను, తులసమ్మకి ఎందుకు సెప్పలేదే అని. "మీరు రాస్తారో లేదో సూద్దామనుకున్నాను," అంది. బోర్డు మీద ఇరవై మూడు ఒచ్చేదాకా నాతో మాటాడలేదు. నాకు లెక్క ఎలగ గుర్తుందంటే, రోజూ నానే రాయాల గదా! ఇరవై మూడో రోజు, "ఉప్పు సరిపోయిందా?" అంది. నాకు పండగే. ఆ ఉడతతోక బ్రష్షు మాత్రం కిరసనాయిలుతో కడిగి మిషను మీదే ఎట్టింది, ఇప్పటికీ నూనె దానితోనే రాస్తాది. నాను మల్లీ ముట్టుకోలేదు. తర్వాత బోర్డు వందా దాటింది, మూడొందలూ దాటింది, మధ్యలో సున్నాలూ పడ్డాయి. అవతల లైనోళ్ళు ఒచ్చి, "మాకూ ఒకటి రాసియ్యి" అన్నారు. అటు మరోదా కాలనీ నుంచి కూడా ఒచ్చినారు. అలా పదకొండు బోర్డులు రాసినాను. తులసమ్మ పోయినరోజు మా బోర్డు మీద నాలుగొందల ఆరు. నిద్దర్లోనే పోనాది, పొద్దున్నకి పిండి నానబోసి ఉంది. ఆ పిండితో బేబీ జంతికలు ఒండి దినానికి పంచింది, కరకరలాడినాయి గానీ ఆవిడవంత కాదు.

అందుకని సెప్తన్నాను ఛాయా, మీ ఆఫీసోళ్ళు ఈ కింద ఏటో రాసినారు సూడు, ఈ ఏడు ఇన్ని కేసులు తగ్గినాయి అని. తగ్గితే మంచిదే. గానీ తగ్గినాయా, దాసినారా అని ఒకసారి వంటింటి గుమ్మంలోంచి ఎల్లి అడుగు. ఈ ఏడిసే అమ్మాయి బొమ్మ తీసీ. గిన్నెలు పట్టుకోని తలుపు కొట్టే జనం బొమ్మ ఎయ్యి. అది నాను ఏస్తాను కావాలంటే, సాహూ పెళ్ళాం మొగం నాకు ఇంకా గుర్తు.

ఏటీ? ఆ బోర్డు ఇప్పుడేదా? స్తంభం మార్చినప్పుడు పోనాది. లైను మొత్తం జనం మారిపోనారు, రిటైరైనోళ్ళు ఊర్లెల్లిపోనారు, మేమేదో ఈ క్వార్టరు లీజుకి తీసుకోని ఉండిపోనాం. లేదులే, అంకె పోలేదు. అదిగో, వంటింటి తలుపు కొంచెం ముయ్యి, ఎనక సూడు. సుద్దతో. సదువు. పద్నాలుగు వేల... పన్నెండు. ఆఁ, అదే. నాను రాసిందనుకున్నావేటి? సూడు ఆ ఒకటి ఎలగ పక్కకి ఒరిగిందో, నా రాతేనా అది? నాను సున్నా రాసిన మర్నాటి నుంచి గౌరే రాస్తంది. రోజూ పొద్దున్న పాలు పొయ్యి మీదెట్టి తుడిసి రాస్తాది. ఊరెల్తే తిరిగొచ్చి లెక్కేసుకోని రాస్తాది. ఆస్పత్రిలో ఉన్న పది రోజులూ ఇంటికొచ్చి ఒకేసారి కలిపింది. ఒకసారి, నా రిటైర్‌మెంటు రోజు, అంకె మాసిపోనాదని నాను సుద్ద తీసుకోని దిద్దబోనాను. పెయింటర్ని గదా, సెయ్యి ఆగదు. గౌరి ఒచ్చి నా సేతిలోంచి సుద్ద తీసీసుకుంది. "సున్నా మీది. మిగతాది నాది," అంది.

...ఊఁ. ఏటే, టీ తెచ్చినావా? ఇలగ ఇయ్యి. ఏటీ లేదు, నీ గురించి గాదు, పోస్టరు గురించి మాటాడతన్నాం. ఛాయా, ఆ బిస్కట్ల డబ్బా అందుకోమ్మా.